పద్నాలుగో నంబరు చెట్టు

ఒక చెట్టుకు తప్పు పేరు రాసి, ఆ తప్పును ఏడు నెలల పాటు ఊళ్లవాళ్లకూ బడిపిల్లలకూ చదివించిన మనిషిని నేను. ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున పెట్టిన చిన్న సభలో నేను చేసిన మంచి పనులు చాలా చెప్పారు. ఈ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మర్యాదకు ఊరుకున్నారేమో. కానీ వాగుల గురించి, చెట్ల గురించి జనానికి చెప్పే పనిలోకి కొత్తగా వస్తున్న మీకు ఆ మంచి పనుల కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

మాది మధిర. నాన్న రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. నేను వృక్షశాస్త్రం చదివాను. చదువైతే అయింది గానీ ఆ చదువుతో ఏం చెయ్యాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చాలా ఏళ్లు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మణుగూరుకూ భద్రాచలానికీ మధ్య అడవి అంచున పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. పని పేరు గొప్పగా ఉండేది. చేసేది మాత్రం తిరగడం, చూపించడం, చెప్పడం. బడిపిల్లల్నీ, మహిళా సంఘాలనీ, పట్నం నుంచి వచ్చే వాళ్లనీ వాగు వెంట నడిపించి, ఏ చెట్టు ఏమిటో, నీళ్లు ఎక్కడ పుట్టి ఎక్కడ ఇంకుతాయో వివరించాలి.

మా ఆఫీసు రోడ్డు పక్కన రెండు గదుల పెంకుటిల్లు. మా పెద్ద సారు పాల్వంచలో ఉంటూ వారానికి రెండుసార్లు జీపులో వచ్చేవారు. నాతో పాటు రోజూ పనిచేసింది పక్క గూడెం కోయ ఆమె. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. చదువుకోలేదు. అడవిలో ఆమెకు తెలియని చెట్టు నేనైతే చూడలేదు. నా మాట తీరు విని మొదట్లో తెగ నవ్వేది. "ఏమిటండీ, ఎక్కడికండీ అంటవు. అండీ లేకపోతే నీకు మాట రాదా టీచరమ్మా?" అని.

ఆ ఏడు వేసవిలో వాగు వెంట ఒక కాలిబాట తయారుచేశాం. ఇరవై నాలుగు చెట్లకు నంబర్లు వేసి, ఒక్కోదానికి రేకు బోర్డు కట్టాలి. పసుపు రంగు మీద నల్ల అక్షరాలు. తెలుగు పేరు, దాని కింద శాస్త్రం పేరు, ఆ కింద దాని ఉపయోగం. కోయ పేరు కూడా రాయిద్దామనుకున్నాను. పెయింటరు చోటు చాలదన్నాడు. నేనూ సరే అన్నాను.

అక్కతో కలిసి తిరిగి పందొమ్మిది చెట్లు ఖాయం చేశాం. అంతలో బీడీలు చుట్టే తునికాకు కోత మొదలైంది. ఆ రోజుల్లో ఆ పక్క ఊళ్లలో ఇంట్లో ఎవరూ మిగలరు. తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసి, మధ్యాహ్నానికి తెచ్చి, కట్టలు కట్టి కల్లంలో ఇవ్వాలి. ఒకరోజు అక్క నెత్తిన ఆకు మూటతో రోడ్డు మీద ఎదురైంది.

"ఇంకా ఐదు చెట్లు మిగిలాయక్కా," అన్నాను.

"ఆకు అయిపోనీ. పది దినాలు. నేనొచ్చినంక చూద్దాం. నేను లేకుండ రాయకు."

సరే అన్నాను. మర్నాడే సారు వచ్చి, పైనుంచి మా పని చూడటానికి ఎవరో వస్తున్నారనీ, వాళ్లొచ్చేలోగా ఇరవై నాలుగు బోర్డులూ ఉండాలనీ చెప్పారు. "ఐదు చెట్లేగా. మీరు చదువుకున్న మనిషి, మీరే చూసి రాసెయ్యండి," అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అబద్ధమెందుకు, బాగా నచ్చింది.

ఐదింటికీ పుస్తకం పట్టుకుని తిరిగి రాశాను. నాలుగు ఒప్పు. పద్నాలుగో నంబరు చెట్టు దగ్గర అప్పుడు కాయ లేదు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, ఆకు మొదట్లోనే మూడు ఈనెలు చీలి ఉన్నాయి. చిల్ల చెట్టు అని రాశాను. దాని గింజ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అడవి ఊళ్లలో కుండ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీస్తే, బురదగా ఉన్న వాగు నీళ్లు కాసేపటికి తేరుకుంటాయి. బోర్డు మీద ఆ సంగతే రాయించాను.

అదే ఆకు, అవే ఈనెలు ఉండే చెట్టు ఇంకొకటి ఉంది. ముష్టి. రెండూ ఒక కుటుంబమే, అక్కచెల్లెళ్ల లాంటివి. చిల్లగింజ నీళ్లను శుభ్రం చేస్తుంది, ముష్టిగింజ మనిషిని చంపుతుంది. బెరడు తడిమి చూసినా తేడా తెలిసేది. చిల్ల బెరడు నెర్రెలిచ్చి మందంగా ఉంటుంది, ముష్టిది నున్నగా ఉంటుంది. నేను తడమలేదు. ఎండ మండిపోతోంది, ఇంకో రెండు చెట్లు చూడాలి.

వచ్చిన పెద్దలు చూసి మెచ్చుకున్నారు. తునికాకు అయ్యాక అక్క వచ్చింది. బోర్డులన్నీ కట్టేసి ఉన్నాయి. "అయిపోయిందా?" అంది. "అయిపోయిందక్కా," అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. ఆ బాటన రోజూ కట్టెలకు పోయేది, పశువుల్ని తోలుకుపోయేది. ఆ బోర్డు పక్క నుంచే నడిచేది. చెట్టు తెలిసిన వాళ్లెవరూ బోర్డు చదవలేదు. బోర్డు చదివిన వాళ్లెవరికీ చెట్టు తెలియదు. ఏడు నెలలు అలాగే గడిచిపోయాయి.

డిసెంబరులో, క్రిస్మస్ ఇంకో పది రోజులుందనగా, మణుగూరు వైపు ఒక కాలనీ నుంచి నలభై మంది దాకా ఆడవాళ్లు, పిల్లలు ఆదివారం వాగు చూడటానికి వచ్చారు. వాళ్లను అక్కడి బడి టీచరు ఒకామె తీసుకొచ్చింది. వాళ్ల కోసం నేను ఆ ఆదివారం ప్రార్థనకు కూడా పోలేదు. ముందురోజు బాట అంతా తిరిగి బోర్డులు సరిగ్గా ఉన్నాయా లేదా చూసుకున్నాను. బోర్డులే చూశాను. తల పైకెత్తి చెట్టును చూసి ఉంటే, కొమ్మల నిండా నారింజ రంగు కాయలు కనబడేవి.

ఆ రోజు అక్క లేదు, చుట్టాల ఊరు పోయింది. పోయేముందు చిల్లగింజలు అరగదీసి ఆ ముద్దను గిన్నెలో పెట్టి ఇచ్చింది. వాగు ఒడ్డున రెండు గాజు సీసాల్లో బురద నీళ్లు పట్టి, ఒకదాంట్లో ముద్ద కలిపి చూపించాను. కాసేపటికి ఆ సీసాలో మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడ్డాయి. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మా ఉద్యోగంలో చప్పట్లు అరుదు. నేను పొంగిపోయాను.

"గా గింజలు యాడ దొరుకుతయి మేడం? మా బోర్ల ఎర్రనీళ్లు వస్తున్నయి," అని ఒకామె అడిగింది.

"తిరిగి వెళ్లేటప్పుడు పద్నాలుగో నంబరు చెట్టు కింద చూడండి. బోర్డు ఉంటుంది," అన్నాను.

వాళ్లు వెనక్కి నడిచారు. నేను నీళ్లలో దిగిన పిల్లల్ని బయటికి లాగుతూ వాగు దగ్గరే ఉండిపోయాను. చూసిన వాళ్లు ముద్దను చూశారు, నీళ్లను చూశారు. అసలు చిల్లగింజ ఎలా ఉంటుందో ఒక్కరికీ చూపించలేదు. చిల్లగింజ బఠాణీలా గుండ్రంగా ఉంటుంది. ముష్టిగింజ బూడిదరంగు గుండీలా చదునుగా ఉంటుంది. ఒక్క గింజ చేతిలో పట్టుకుని ఉన్నా ఈ కథ లేదు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు అరుగు మీద కూర్చుని రిపోర్టు రాసుకుంటున్నాను. అక్క వచ్చి పక్కన కూర్చుంది. చుట్టాల ఊరి కబుర్లు చెప్పింది. మంచినీళ్లు తాగింది. తర్వాత మామూలుగానే అడిగింది.

"నిన్నొచ్చినోళ్లు మందుల యాపారం గిట్ల చేస్తరా టీచరమ్మా?"

"లేదక్కా. కాలనీ వాళ్లు. ఎందుకు?"

"ముష్టిగింజలన్నీ ఏరుకపోయిండ్రు. కొండముచ్చులు కొరికి పడేసిన కాయల కింద ఒక్క గింజ మిగల్లే. గవి ఏం జేసుకుంటరో అని."

"ఏ ముష్టిగింజలు?"

"గదే, నీ బోర్డు చెట్టు. బండ పక్కది."

బండ పక్కది పద్నాలుగో నంబరు. నాకు వెంటనే అర్థమైంది. అర్థమైనట్టు మొహంలో కనబడనివ్వకుండా ఒక్క క్షణం కూర్చున్నాను కూడా. ఆ ఒక్క క్షణం ఇప్పటికీ గుర్తుంది. తర్వాత నేనేం రాశానో, వాళ్లతో ఏం చెప్పానో అక్కకు చెప్పాను.

అక్క తిట్టలేదు. లేచి నిలబడి కొంగు బిగించింది. "నడు," అంది.

బస్సు వచ్చేలోగా రోడ్డు మీది టెలిఫోను బూతు నుంచి సారుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "భయపెట్టకండి. ప్రదర్శన పెడుతున్నాం, గింజలు కావాలని అడిగి తెచ్చెయ్యండి. సంస్థ పేరు కూడా చూసుకోవాలి కదమ్మా." ఆయన చెడ్డవారు కారు. ఆ మాట వినగానే నాకే ప్రాణం లేచొచ్చింది. తప్పు ఒప్పుకోకుండా తప్పు దిద్దుకునే దారి చూపించారు మరి.

కాలనీ బడికి చేరేసరికి పదిన్నర. టీచరు చురుకైన మనిషి. ప్రదర్శనకు గింజలు కావాలనగానే తరగతి తరగతికీ వెళ్లి, నిన్న వాగు దగ్గర గింజలు ఏరిన ఇళ్ల పిల్లలు చేతులెత్తమంది. పదకొండు చేతులు లేచాయి. ఇళ్ల గుర్తులన్నీ కాగితం మీద రాసిచ్చింది.

మొదటి ఇంటామె నవ్వుతూ గింజల పొట్లం తెచ్చి విప్పింది. బూడిదరంగు గుండీలు. "ప్రదర్శనకు కావాలండీ," అన్నాను.

"అయ్యో, తీసుకోండి మేడం," అని సగం గింజలు నా చేతిలో పోసి, మిగతావి మళ్లీ పొట్లం కట్టుకుంది. "మాకూ కొన్ని ఉండాలె కదా."

"అన్నీ కావాలండీ."

"అన్నీ ఎందుకు? చెట్టు మీ దగ్గరనే ఉన్నది గదా?"

అప్పటిదాకా గుమ్మం బయట నిలబడ్డ అక్క లోపలికి వచ్చింది.

"చెల్లే, గవి చిల్లగింజలు గావు. ముష్టి. విషం. ఈమె బోర్డు మీద తప్పు రాసింది. గందుకే వచ్చినం. ఒక్కటి ఉంచుకోకు."

ఇంటామె నా వైపు చూసింది. "అవునా మేడం?"

"అవునండీ. నేనే తప్పు రాశాను," అన్నాను.

ఆమె పొట్లం కింద పడేసి చేతులు కడుక్కోవడానికి పరుగెత్తింది. తర్వాత మమ్మల్ని తిట్టలేదు. చెప్పులేసుకుని, "నడవుండి, ఏరినోళ్లందరిండ్లు నాకెరికే," అని ముందు నడిచింది. నిజం చెప్పాక పని ఎంత తేలికైందో నాకే ఆశ్చర్యం. ఒకామె మంచం కింద నుంచి తీసిచ్చింది. ఒకామె తులసికోట మీద ఆరబెట్టినవి ఎత్తి ఇచ్చింది. ఒక పెద్దాయన మాత్రం, "చదువుకున్నోళ్లు గిట్ల జేస్తే ఎట్లమ్మా?" అన్నాడు. నేను తల దించుకుని గింజలు తీసుకున్నాను.

పదో ఇంటికి వెళ్లేసరికి పన్నెండు దాటింది. ఆ ఇల్లు కాలనీ వెనక సందులో ఉంది. వాగు దగ్గర నన్ను ఎర్రనీళ్ల సంగతి అడిగినామె ఇల్లే. పెరట్లో పీట మీద కూర్చుని, సానరాయి మీద గింజను అరగదీస్తూ చెమటలు కక్కుతోంది.

"మేడం! మీరే వచ్చిండ్రా? గంట నుంచి రుద్దుతున్న. అరుగుతలేదు. ఇనుము లెక్కున్నది. కొంచెం అరిగితే బిందెల కలిపిన, నీళ్లు తేరుతలేవు."

అక్క ఆ గింజను ఆమె చేతిలోంచి లాక్కుంది. నేను బిందె దగ్గరికి వెళ్లాను. "ఈ నీళ్లు ఎవరైనా తాగారా?"

"లేదు మేడం, పిల్ల బడికి పోయింది. తేరినంక ఇద్దామని..."

అప్పుడు వంటగదిలోంచి ఆమె అత్త బయటికి వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. సన్నగా, నిటారుగా ఉంది.

"నేను తాగిన. ఒక్క గుక్క. తూ, ఏం చేదు! యాపాకు నయం. మిగిలింది ఉమ్మేసిన. ఏంది కోడలా గా నీళ్లల్ల కలిపింది?"

"ఎంతసేపైంది అవ్వా?" అంది అక్క.

"ఇప్పుడే. టీ తాగినంక."

నేను చెప్పాల్సింది చెప్పాను. కోడలు గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టింది. అవ్వ ఏడవలేదు, నన్నే ఎగాదిగా చూసింది. ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాం. దారిలో అవ్వ చేతిని అక్క వదల్లేదు. వేళ్లు బిగుసుకుంటున్నాయేమోనని ఒక్కొక్కటే వంచి చూస్తూ కూర్చుంది. నేను మనసులో ప్రార్థన చేద్దామనుకున్నాను. మాటలు రాలేదు.

డాక్టరుకు గింజ చూపించి జరిగింది చెప్పాను. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూశారు. ఎంత అరిగింది, ఎన్ని నీళ్లలో కలిపారు, ఎంత తాగింది, అన్నీ అడిగారు. "లోపలికి పోయింది చాలా తక్కువే. అయినా సాయంత్రం దాకా ఇక్కడే ఉండనియ్యండి," అన్నారు.

వార్డు బయట బల్ల మీద అక్క, నేను కూర్చున్నాం. పదకొండో ఇంటి గింజలు ఎవరో అక్కడికే తెచ్చిచ్చారు. ఎవరి మంచాల దగ్గర వాళ్లు అన్నాలు తింటున్నారు. నేను అన్నాను.

"నువ్వు లేకుండా రాయొద్దన్నావు. నేను రాశాను."

"అవ్. రాసినవు," అంది అక్క. "నేను సుత అడగాల్సింది. ఆకు అయినంక వచ్చిన గదా. గా బోర్డు మీద ఏముందో సదివి చెప్పమని ఒక్కపారి అడగలే. నాకు రాదు గదా అని సిగ్గు," అంది.

ఆమె నా తప్పులో వాటా అడుగుతోంది. ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. వద్దక్కా అన్నాను. ఆమె వినలేదు.

సాయంత్రం ఐదింటికి డాక్టరు అవ్వను పొమ్మన్నారు. అవ్వకు ఏమీ కాలేదు. పొద్దంతా మంచం మీద ఊరికే పడుకోబెట్టారని మాత్రం చిరాకు. బయటికి వచ్చి నా ముందు ఆగింది.

"నువ్వేనా చెట్లకు పేర్లు రాసేది?"

"నేనే అవ్వా."

"మా ఊర్ల ముష్టి చెట్టు చిన్నపోరగాండ్లకు సుత ఎరికే. నాకు గింజ చూపిస్తే చెప్పకపోదునా? ఈ కోడలు ముసల్దానికేం తెలుసు అనుకున్నది. నువ్వు నా కోడలి కన్నా చదువుకున్నవు, అంతే."

ఆ వారమే నేను కాలనీకి మళ్లీ వెళ్లాను. వాళ్ల హాలులో అందరి ముందూ నిలబడి ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పాను. సారు కూడా వచ్చారు. వస్తారనుకోలేదు. ప్రదర్శన మాట తానే చెప్పించానని ఆయన నోటితోనే చెప్పారు. ఆ రోజు నుంచి ఆయన మీద నాకున్న గౌరవం పెరిగింది.

తర్వాత ఇరవై నాలుగు బోర్డులూ విప్పేశాం. ఒక చెట్టును ఏడాది పొడవునా, పూతలో, కాయలో, ఆకు రాలిన కాలంలో చూశాక, ఊళ్లో ఇద్దరు పెద్దవాళ్లు అవునన్నాక మాత్రమే పేరు రాయాలని మాలో మేం ఒక నియమం పెట్టుకున్నాం. రాసింది అక్కడికక్కడే అక్కకు చదివి వినిపించాలి. ఈసారి కోయ పేరు పైన, తెలుగు పేరు కింద. పెయింటరు మళ్లీ చోటు లేదన్నాడు. బోర్డు పెద్దది చేయించాం. ఏడాది తిరిగేసరికి తొమ్మిది బోర్డులే ఉన్నాయి. పైనుంచి వచ్చిన వాళ్లు మిగతావి ఏవని అడిగారు. ఇంకా చూస్తున్నామన్నాను. వాళ్లకు నచ్చలేదు. సారు మాత్రం సరేనన్నారు.

ఆ మరుసటి చలికాలం కాలనీ వాళ్లు మళ్లీ వచ్చారు. రారనుకున్నాను. ఈసారి అరవై మంది దాకా ఉన్నారు. బస్సులోంచి అందరికన్నా ముందు దిగింది అవ్వ.

"గా చెట్టు చూపియ్యి," అంది.

ఈసారి ముందు అక్క నడిచింది. చిల్లగింజ ఒక చేతిలో, ముష్టిగింజ ఒక చేతిలో పట్టుకుని అందరికీ చూపిస్తూ నడిచింది. బండ పక్క చెట్టు దగ్గరికి వచ్చాక నేను చెప్పడానికి నోరు తెరిచాను. అవ్వ చేత్తో వారించింది. చెట్టు మొదట్లోకి పోయి, కాయల కొమ్మ కింద నిలబడి, జనం వైపు తిరిగింది.

ఆ పది నిమిషాలు అవ్వ చెప్పినట్టు నేను నా ఉద్యోగంలో ఎప్పుడూ చెప్పలేకపోయాను. గింజ ఎంత గట్టిదో, నీళ్లు ఎంత చేదో, ఆ చేదు నాలుక మీద ఎంతసేపు ఉండిపోయిందో చెప్పింది. ఆటోలో కాళ్లూ చేతులూ కొయ్యబారినట్టయ్యాయంది. డాక్టరు ఆశ వదులుకోమన్నాడంది. పిల్లలు కదలడం మానేశారు.

"ఎన్ని గుక్కలు తాగినవ్ అవ్వా?" అని ఒక పిల్ల అడిగింది.

"మూడు," అంది అవ్వ తడుముకోకుండా. ఒక్క క్షణం ఆలోచించి, "చెంబెడు," అంది.

కోడలు నా వైపు చూసింది. అక్క నా వైపు చూసింది. సరిదిద్దడం నా ఉద్యోగమే. కానీ నేను వాగు వైపు చూస్తూ నిలబడ్డాను.

కొండముచ్చులు కొరికి పడేసిన కాయలు చెట్టు కింద చాలా ఉన్నాయి. వాటి మధ్య గింజలు మెరుస్తున్నాయి. అరవై మందీ వాటిని తప్పించుకుని, పిల్లల చేతులు పట్టుకుని, చుట్టూ తిరిగి నడిచిపోయారు.